అరబ్ తీరాల్లో సముద్రం చూడాలంటే ఏ ఊరికి వెళ్లాలి?

ఉప్పాడ అల
అందరికీ నమస్కారం. వచ్చే డిసెంబరులో మావారితో, అత్తయ్యగారితో కలిసి గల్ఫ్ వైపు వెళ్లాలనుకుంటున్నాం. తమ్ముడు మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి మొదటి మజిలీ అదే. ఆ తర్వాత ఎటు వెళ్లాలో తేలడం లేదు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఎత్తైన భవనాలు, మాల్స్, ఇసుక దిబ్బల మీద జీపులు. నా మనసు వాటి మీదకు పోవడం లేదు. కాకినాడ తీరంలో పెరిగినదాన్ని, ఏ ఊరికి వెళ్లినా ముందు రేవు చూడాలనిపిస్తుంది. పడవలు ఎక్కడ కడతారు, చేపలు ఎక్కడ దింపుతారు, సరుకు ఎవరు మోస్తారు, ఇవి చూస్తే ఆ ఊరు తెలిసినట్టు ఉంటుంది. అరబ్ నగరాల్లో అలాంటివి ఇంకా మిగిలి ఉన్నాయా? అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి, పైగా శాకాహారి.

మత్రా వీధి
నేను మస్కట్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మిగతా ఊళ్ల సంగతి ఇతరులు చెబుతారు గానీ, మీరు కోరినట్టి ఊరు గల్ఫ్‌లో ఒకటి ఉందంటే అది మస్కట్ పాత రేవు మత్రాయే. నల్లని రాతి కొండలు సముద్రం దాకా దిగి వస్తాయి. కొండకూ నీటికీ మధ్య మిగిలిన సన్నని వంపులో తెల్లని ఇళ్లు వరసగా ఉంటాయి. మస్కట్‌లో ఆకాశాన్ని తాకే భవనాలు కనిపించవు. ఎత్తు మీద, రంగు మీద నిబంధనలు పెట్టి ఊరిని అలా నిలబెట్టుకున్నారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు ఊరు చిన్నదిగా అనిపించేది, ఇప్పుడు మాత్రం ఇంకెక్కడికి వెళ్లినా అక్కడ కొండలు లేవే అనిపిస్తుంది.

పొద్దున్నే చేపల మార్కెట్‌కు వెళ్లండి. వంజరం, తూర, సొర అన్నీ పడవల నుంచి నేరుగా బల్లల మీదకు వస్తాయి. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సూక్, అంటే బజారు, ఉంది. లోపల ఇరుకు సందులు, పైన చెక్క కప్పు, గుగ్గిలం లాంటి సాంబ్రాణి పొగ. ఆ పక్కనే గోడకట్టుకున్న ఒక పేట ఉంది, పేరు సూర్ అల్ లవాతియా. సింధు ప్రాంతం నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన ఖోజా వర్తకుల ఇళ్లు అవి. సముద్రం వైపు తిరిగిన వాళ్ల చెక్క వసారాలను బయటి నుంచే చూడాలి, లోపలికి వెళ్లడం మర్యాద కాదు.

అత్తయ్యగారి భోజనం గురించి దిగులు వద్దు. మస్కట్‌లోని రువీ పేటలో ఇడ్లీ, సాంబారు, అన్నం దొరికే హోటళ్లు ఎన్నో ఉన్నాయి. పాత మస్కట్‌లో రాజభవనానికి దగ్గరలోనే మోతీశ్వర్ మహాదేవ ఆలయం ఉంది. కచ్ నుంచి వచ్చిన గుజరాతీ వర్తకులు నిలబెట్టిన గుడి, నూరేళ్లకు పైబడినది. శివరాత్రికి మన తెలుగువాళ్లు కూడా బారులు తీరుతారు. దార్‌సైట్‌లో కృష్ణాలయం ఉంది.

ఇంజను గది
విశాఖపట్నం. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఊళ్ల గురించి చెప్పేముందు సముద్రం గురించి ఒక మాట. అరేబియా ద్వీపకల్పం చుట్టూ ఉన్నది ఒకే సముద్రం అనుకుంటే యాత్ర సగం చప్పబడిపోతుంది. అక్కడ మూడు వేర్వేరు సముద్రాలు ఉన్నాయి, మూడింటి గుణాలూ వేరు.

కువైట్, బహ్రెయిన్, దోహా, దుబాయ్ ఉన్న గల్ఫ్ చాలా లోతు తక్కువ. సగటు లోతు 35 మీటర్ల చుట్టుపక్కల, ఎక్కడా 100 మీటర్లకు మించదు. దానిలోకి వచ్చి కలిసే పెద్ద నదీ జలాలు ఇరాక్ కొసన షత్ అల్ అరబ్ ఒక్కటే. ఎండకు నీరు ఆవిరైపోతూ ఉంటుంది, ఉప్పు మిగులుతూ ఉంటుంది. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ 40 గ్రాముల దాకా ఉంటుంది. వేసవిలో నీరు స్నానానికి కాచిన నీళ్లలా ఉంటుంది. ఇంజన్లు చల్లబరచడానికి ఆ నీటినే తోడుకోవాలి కాబట్టి, ఆగస్టులో హోర్ముజ్ జలసంధి దాటి లోపలికి వెళ్లినప్పుడల్లా మా గదిలో ఉష్ణోగ్రతల మీదే కన్ను ఉండేది.

సౌదీలోని జెద్దా వైపున్న ఎర్ర సముద్రం దీనికి పూర్తిగా భిన్నం. అది భూమి చీలిన చోట పుట్టిన సముద్రం. నడిమధ్యలో 2,000 మీటర్లు దాటిన లోతులు ఉన్నాయి. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ దానిలో కలవదు, అందుకే బురద రాదు, నీరు గాజులా ఉంటుంది. పగడపు దిబ్బలు ఒడ్డును ఆనుకునే మొదలవుతాయి.

మూడోది ఒమాన్ తూర్పు, దక్షిణ తీరాలను తాకే అరేబియా సముద్రం. నైరుతి గాలులు వీచే నెలల్లో పై నీటిని గాలి తీరం నుంచి అవతలికి తోసేస్తుంది, అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో పోషకాలు ఎక్కువ, అందుకే చేపలు అంత సమృద్ధి. అక్కడి మూపురపు తిమింగలాలు ఎక్కడికీ వలస పోవు. ప్రపంచంలో మిగతా మూపురపు తిమింగలాలన్నీ ధ్రువాల వైపు వెళ్లివస్తుంటే, ఇవి మాత్రం ఏడాదంతా అదే సముద్రంలో ఉంటాయి. మొత్తం వందకు లోపే మిగిలాయని అంచనా.

ఉప్పాడ అల గారూ, మీకు రేవులు కావాలంటే సూర్ పట్టణం వదలకండి. మస్కట్ నుంచి ఆగ్నేయంగా సుమారు 200 కిలోమీటర్లు, మంచి రోడ్డు.

దేరా గట్టు
దుబాయ్ పేరెత్తితేనే మాల్స్ అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇక్కడ క్రీక్ ఉంది. దేరాకూ బర్ దుబాయ్‌కీ మధ్య ఆ ఉప్పుకయ్యే ఈ నగరానికి తల్లి. చమురు దొరికింది 1966లో. అంతకుముందే, 1959లో మొదలుపెట్టి, ఒండ్రు పూడుకుపోయిన క్రీక్‌ను తవ్వించి పెద్ద ఓడలు లోపలికి వచ్చేలా చేశారు. అంటే ఈ ఊరిని మొదట నిలబెట్టింది రేవు వ్యాపారం.

ఒక్క దిర్హం ఇచ్చి అబ్రా ఎక్కండి. అబ్రా అంటే చుట్టూ కంచె లేని చిన్న చెక్క పడవ, మధ్యలో బల్ల మీద వీపులు ఆనించుకుని కూర్చుంటారు. దేరా వైపు గట్టు మీద నడుస్తూ చూడండి: ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు, పరుపులు కట్టలు కట్టి ఆరుబయటే ఉంటాయి. చెక్క ఓడలు వాటిని ఇరాన్‌కు, సోమాలియాకు మోసుకుపోతాయి. ఓడలోనే వంట, ఓడ మీదే బట్టల దండెం. ఇది పర్యాటకుల కోసం పెట్టిన ప్రదర్శన కాదు, రోజువారీ బతుకు. బర్ దుబాయ్ వైపు అల్ ఫహీదీలో గాలి గోపురాల ఇళ్లు ఉన్నాయి. దక్షిణ ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతం నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్నవి. నాలుగు వైపుల నుంచీ గాలిని పట్టి కిందికి దించే గోపురం కింద ఒక్కసారి నిలబడి చూడండి.

మనవాళ్లకు ఆసక్తి కలిగించే మరో సంగతి. 1960ల మధ్య వరకూ ఈ తీరంలో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసమే ప్రత్యేకంగా 1959లో భారత రిజర్వ్ బ్యాంకు వేరే రంగులో నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక దుబాయ్ లాంటి రాజ్యాలు వేరే నాణెం వైపు మళ్లాయి.

సలాలా మబ్బు
దేరా గట్టు గారు చెప్పిన క్రీక్ నిజమే, నేనూ చూశాను, నచ్చింది. అయితే సముద్రం కోసమే వెళ్లేవాళ్లకు దుబాయ్‌ని సిఫారసు చేయలేను. అక్కడ తీరాన్ని చాలావరకు మనుషులు పోసి తయారుచేశారు. తాటిచెట్టు ఆకారంలో పోసిన ద్వీపం చుట్టూ అడ్డుకట్ట కడితే లోపలి నీరు కదలక చెడిపోయే పరిస్థితి వచ్చింది, తర్వాత కట్టకు గండ్లు పెట్టి నీటిని పారించాల్సి వచ్చింది. సముద్రానికి దాని దారి దానికి ఉంటుంది.

నేను సలాలాలో ఉద్యోగం చేశాను. ఒమాన్ దక్షిణ కొసన, యెమెన్‌కు దగ్గరగా ఉన్న ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గల్ఫ్ అంతా మండిపోతుంటే అక్కడ మాత్రం సన్నని తుంపర, పొగమంచు, పచ్చని కొండలు. దాన్ని ఖరీఫ్ కాలం అంటారు. ఇంజను గది గారు చెప్పిన చల్లని నీరే దీనికి మూలం. నైరుతి గాలి ఆ చల్లని నీటి మీదుగా వచ్చి మంచుగా మారి ధోఫార్ కొండలకు తగులుకుంటుంది. కొండ ఇవతల కొబ్బరి, అరటి, బొప్పాయి తోటలు. రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు కొట్టి ఇస్తుంటే కోనసీమలో ఉన్నట్టే ఉంటుంది. కొండ దాటి అవతలికి వెళితే మబ్బు గీత గీసినట్టు ఆగిపోతుంది, ఎడారి మొదలవుతుంది. ఆ ఎండిన వైపునే సాంబ్రాణి చెట్లు పెరుగుతాయి. బెరడు మీద గాటు పెడితే పాలలాంటి జిగురు కారి, గాలికి గట్టిపడి, గింజలవుతుంది. వాదీ దౌకాలో ఆ చెట్ల వనాన్ని, సముద్రపు ఒడ్డున ఖోర్ రోరీ, అల్ బలీద్ పాత రేవుల శిథిలాలను కలిపి 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

14వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఇబ్న్ బతూతా, ఈ ఊళ్లో పశువులకు చేపలు మేతగా వేస్తారని ఆశ్చర్యపడి రాశాడు. ఒడ్డున ఎండబెట్టిన కవళ్లను పశువులకు వేయడం నేను కళ్లారా చూశాను. ఏడు వందల ఏళ్ల నాటి యాత్రికుడు చూసినదాన్నే మనమూ చూడగలిగే ఊళ్లు ఎన్ని ఉంటాయి?

డిసెంబరులో అక్కడ పచ్చదనం ఉండదు. కానీ సముద్రం శాంతంగా ఉంటుంది. ఖరీఫ్ రోజుల్లో నీళ్లలోకి దిగనివ్వరు, దిగకూడదు కూడా. ముఘ్సైల్ దగ్గర రాతి రంధ్రాల్లోంచి అలలు ఆకాశానికి చిమ్మేది మాత్రం ఆ రోజుల్లోనే.

కువైట్ స్టీరింగ్
అన్నలూ, అక్కలూ, నేను రాజంపేట వైపు నుంచి. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేస్తున్నాను. ఇక్కడ రాసినవన్నీ చదివాను, సంతోషం. ఒక్క మాట నేనూ చెప్పాలి.

మా జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేల మంది ఇక్కడ ఉన్నారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో ఏళ్ల తరబడి సముద్రం ముఖం చూడనివాళ్లు ఉన్నారు. సముద్రం వాళ్లు ఉండే ఇంటికి కారులో ఐదు నిమిషాల దూరంలోనే ఉంటుంది. సెలవు ఉండదు, ఉన్నా ఒంటరిగా వెళ్లనివ్వని ఇళ్లు ఉంటాయి. నేను పిల్లలను బడి నుంచి తీసుకొచ్చే దారి గల్ఫ్ రోడ్డే. రోజూ ఎడమ పక్కన నీలం నీళ్లు, ముందు కువైట్ టవర్లు. మొదటి ఏడాది దాన్ని చూస్తే ఇంటి మీద బెంగ పెరిగేది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం దొరికితే షర్క్ దగ్గర పాత పడవల రేవుకు వెళ్లి కూర్చుంటాను. అక్కడ వలలు బాగుచేసేవాళ్లలో మన ఆంధ్రావాళ్లు, తమిళులు, గుజరాత్ జాలర్లు ఉంటారు. వాళ్లతో మాట్లాడితే ఏ గైడూ చెప్పని సంగతులు తెలుస్తాయి.

మా నాన్న 1990లో ఇక్కడే ఉన్నాడు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అలా రెండు నెలల్లో 1,70,000 మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చారు. మళ్లీ 1992లో ఇక్కడికే తిరిగి వచ్చాడు, ఎందుకంటే ఊళ్లో అప్పు అలాగే ఉంది. నాన్నకు కువైట్ అంటే కోపం లేదు. ముబారకియా సూక్‌లో కొన్న ఖర్జూరం ఇప్పటికీ అడిగి తెప్పించుకుంటాడు.

చూడటానికి వచ్చేవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి. వేసవిలో 50 డిగ్రీలు తాకుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టమే ఉంది.

ఇంజను గది
తమ్ముడూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే విలువైన మాట నీదే. ఓడ మీద ఉన్నప్పుడు మేమూ రేవులో దిగకుండా గేటు వరకే ఆగిపోయిన రోజులు ఎన్నో. సముద్రం మీద బతికేవాడికీ సముద్రం చూడటానికి వచ్చేవాడికీ మధ్య ఉన్న తేడా యాత్రికులకు గుర్తుండాలి. రేవులో ఎవరైనా మన భాష మాట్లాడితే ఆగి నాలుగు మాటలు మాట్లాడండి. ఇంటి కబురు విన్నంత సంతోషిస్తారు.

బందరు కోట
చరిత్ర అధ్యాపకుడిని, మచిలీపట్నం. అరబ్ రేవులు మనకు పరాయివి కావు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు గ్రీకు నావిక వృత్తాంతంలో మసాలియా అనే తీరం పేరు, అక్కడ నేసే సన్నని నూలు వస్త్రాల ప్రస్తావన ఉన్నాయి. చరిత్రకారులు దాన్ని మా బందరు ప్రాంతంగానే గుర్తిస్తారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజుల్లా స్వాధీనం చేసుకోము, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాము అని పరదేశి వర్తకులకు ఇచ్చిన మాట అది. సుంకం చెల్లించాల్సిన సరుకుల జాబితాలో ముత్యాలు, పగడాలు, పన్నీరు ఉన్నాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుంచి ఓడలు శ్రీలంకను చుట్టి యెమెన్‌లోని మోఖాకు, ఎర్ర సముద్రపు రేవులకు, ఇరాన్ తీరపు బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. కలంకారీ అద్దకాలు అటు పోయేవి, హజ్ యాత్రికులూ ఆ ఓడల్లోనే వెళ్లేవారు.

నేను సూర్ వెళ్లింది ఈ చరిత్ర కళ్లతో చూడాలనే. అక్కడ ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడ నిలబెట్టి ఉంది. 1951లో ఆ ఊళ్లోనే కట్టారు, చేతులు మారి యెమెన్ చేరితే ఊరివాళ్లు చందాలు వేసుకుని కొని వెనక్కి తెచ్చుకున్నారు. నా కళ్లు చెమ్మగిల్లాయి. బందరులో అలాంటి ఓడ ఒక్కటి కూడా మిగల్లేదు.

పక్కనే ఓడలు కట్టే చోటు ఉంది. పని ఇప్పుడు పలచబడింది, ఉలి పట్టినవాళ్లలో కేరళ వడ్రంగులు కనిపించారు. ముందు పలకలు ఒకదానికొకటి జోడించి ఓడ ఒళ్లు తయారుచేస్తారు, ఆ తర్వాత లోపల వాసాలు బిగిస్తారు. నక్షా కాగితం లేదు, అంతా మేస్త్రీ కంటి కొలతే. కలప మలబారు నుంచి వచ్చేది, ఎందుకంటే అరేబియాలో ఓడకు పనికొచ్చే మాను లేదు. పోర్చుగీసువాళ్లు రాకముందు ఈ ఓడల్లో మేకు కూడా ఉండేది కాదు, కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టేవారు. అలా కుట్టి సూర్‌లోనే కట్టిన సొహార్ అనే ఓడ 1980 నవంబరులో ఒమాన్‌లో బయల్దేరి 1981 జులైలో చైనాలోని గ్వాంగ్జౌ చేరింది. ఇప్పుడు మస్కట్‌లో అల్ బుస్తాన్ దగ్గర రోడ్ల కూడలిలో ఉంది. అక్కడ తప్పకుండా కారు ఆపించండి.

ఉప్పాడ అల
బందరు కోట గారూ, మా తాళ్లరేవులోనూ చెక్క ఓడలు కట్టేవారు. చిన్నప్పుడు చూశాను. సూర్ ఖాయం చేసుకున్నాను. మేకు లేకుండా కుట్టిన ఓడలో దారి ఎలా కనిపెట్టేవారు? ఇంజను గది గారు చెప్పగలరా?

ఇంజను గది
దక్షిణోత్తరాలు కనిపెట్టడానికి అరబ్ నావికులు కమాల్ అనే సాధనం వాడేవారు. చిన్న చెక్క పలక, మధ్యలోంచి ముడులు వేసిన తాడు. తాడును పంటితో పట్టుకుని, పలకను కంటి ముందు చాపి, కింది అంచు దిగంతం మీద, పై అంచు ధ్రువ నక్షత్రం మీద ఉండేలా సర్దుతారు. పంటి కింద ఏ ముడి ఉందో చూస్తే తాము ఏ రేవుకు సమానమైన అక్షాంశంలో ఉన్నారో తెలుస్తుంది. ఆ గీత మీదే తూర్పుకో పడమరకో పోతే రేవు దొరుకుతుంది. 15వ శతాబ్దంలో ఇబ్న్ మాజిద్ అనే గొప్ప నావికుడు ఈ విద్యను పద్యాల్లో కూడా రాసిపెట్టాడు. ఆయనది నేటి రస్ అల్ ఖైమా దగ్గరి జుల్ఫార్. పద్యంలో ఎందుకంటే చీకట్లో, అల మీద, పుస్తకం తెరిచే వీలు ఉండదు. కంఠస్థం ఉండాలి. ఎక్కాలు, నిఘంటువు పద్యంగా నేర్చుకున్న మన పెద్దలకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ముత్యాల సందు
హైదరాబాదు, పత్తర్‌గట్టీ. మా తాతల నుంచీ ముత్యాల వ్యాపారం. చార్మినార్ దగ్గర ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా చైనా నుంచి వచ్చే పెంపకం ముత్యాలు. కానీ ఈ వ్యాపారం మా ఊళ్లో పుట్టింది గల్ఫ్ సముద్రంలోంచి వచ్చిన బస్రా ముత్యాల మీద. నిజాం నగల్లోని ఏడు పేటల సత్లడా హారం బస్రా ముత్యాలదే. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలని బహ్రెయిన్ వెళ్లాను.

ముహర్రక్ ద్వీపంలో ముత్యాల బాట అని ఉంది, 2012లో యునెస్కో గుర్తించింది. మూడున్నర కిలోమీటర్ల దారిలో వర్తకుల ఇళ్లు, నావ యజమానుల ఇళ్లు, మునిగేవాళ్ల ఇళ్లు వరసగా చూడొచ్చు. వర్తకుడి ఇంటికి చెక్కిన తలుపులు, మునిగేవాడి ఇంటికి ఒక్క గది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడవ మీదే బతుకు. ముక్కుకు తాబేటి చిప్పతో చేసిన పట్టీ, కాలికి రాయి, మెడలో సంచి. ఊపిరి బిగబట్టి దిగుతాడు. తాడు లాగగానే పైనున్నవాడు పైకి లాగాలి. లాగేవాడి మీద ఎంత నమ్మకం ఉంటే అంత లోతుకు! వేట మొదలయ్యే ముందు యజమాని దగ్గర తీసుకున్న బయానా తీరేది కాదు, తండ్రి చనిపోతే అప్పు కొడుకు మీదకు వచ్చేది. 1920ల చివర జపాన్ పెంపకం ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. 1932లో బహ్రెయిన్‌లోనే చమురు పడింది.

మా దుకాణంలో ముత్యాన్ని పట్టుకున్నప్పుడు మెరుపు, గుండ్రనితనం మాత్రమే చూసేవాళ్లం. ముహర్రక్‌లో ఆ ఒంటి గది చూశాక పాత బస్రా ముత్యం చేతిలోకి వచ్చినప్పుడల్లా ముందు ఆ మనిషి గుర్తుకొస్తాడు. బహ్రెయిన్‌లో నేటికీ పెంపకం ముత్యాల అమ్మకం నిషేధం.

బార్కస్ గుమ్మం
సలాం, నమస్తే. మా పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చారు. హైదరాబాదు బార్కస్‌లో పుట్టాను, తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. తాతల ఊరు చూడాలని ఎంతో ఉంది, అక్కడి పరిస్థితుల వల్ల వెళ్లలేకపోయాను. ఉమ్రా తర్వాత అమ్మను తీసుకుని జెద్దాలో ఆగాను. మిగతా గల్ఫ్ ఊళ్లకు వెళ్లినవాళ్లు కూడా జెద్దా పాత పేట అల్ బలద్ చూడాల్సిందే.

అక్కడి ఇళ్లు సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాళ్లతో కట్టినవి. రాతి వరసల మధ్య దూలాలు పరుస్తారు. నాలుగైదు అంతస్తుల ఇళ్లకు ముందు రోషన్ అనే చెక్క జాలీ కిటికీలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎండ లోపలికి రాదు, సముద్రపు గాలి వస్తుంది, లోపలి ఆడవాళ్లు వీధిని చూడగలరు, వీధికి వాళ్లు కనిపించరు. తడిగాలికి రాయి పొడిపొడిగా రాలుతుంటే కొన్ని ఇళ్లకు ఊతకర్రలు కట్టి బాగుచేస్తున్నారు. నసీఫ్ ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉంది. ఒకప్పుడు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చెట్టు అదేనట. అమ్మ దాని కింద నిలబడి, వేపాకు ముట్టుకుని, చాలాసేపు కదల్లేదు.

ఓడల కాలంలో హైదరాబాదు నుంచి హజ్‌కు వచ్చినవాళ్లు బొంబాయిలో ఓడ ఎక్కి ఇక్కడే దిగేవారు, మక్కా దర్వాజా గుండా ఊరు దాటేవారు. నిజాం ప్రభుత్వం మక్కాలో కట్టించిన రుబాత్ అనే సత్రం ఇప్పటికీ పాత హైదరాబాదు రాజ్య యాత్రికులకు బస ఇస్తోంది. ముస్లిమేతరులు మక్కాలోకి వెళ్లకూడదు గానీ జెద్దాకు అందరూ రావచ్చు. 2019 సెప్టెంబరు నుంచి సౌదీ పర్యాటక వీసాలు ఇస్తోంది. ఆడవాళ్లకు అబాయా అనే పొడుగాటి పై అంగీ తప్పనిసరి కాదు, ఒంటి నిండా వదులైన బట్టలు ఉంటే చాలు. మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. రేవుల్లో భద్రతా స్థలాలవీ తీయకండి.

దేరా గట్టు
సలాలా మబ్బు గారి మాట మీద ఆలోచించాను. పోసిన తీరం గురించి ఆయన చెప్పింది సరైనదే. కానీ క్రీక్ గట్టున సరుకు మోసే ఆ ఓడల మనుషుల్ని కూడా అరబ్ సముద్రం కథలో ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకోవాలి కదా. గుజరాత్ తీరపు నావికులు వాటిలో ఎందరో. ఒక్క సాయంత్రమైనా ఇటు కేటాయించండి.

మత్రా వీధి
ఉప్పాడ అల గారూ, సూర్ వరకు వెళుతున్నారంటే రస్ అల్ జింజ్‌ను కలుపుకోండి. అరేబియా తూర్పు కొస అది. పచ్చ తాబేళ్లు అక్కడ ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి. ఎక్కువగా వచ్చేది జూన్ నుంచి సెప్టెంబరు, డిసెంబరులో తక్కువే గానీ అవకాశం ఉంది. మీ తీరానికి చలికాలంలో వచ్చే ఆలివ్ రిడ్లేల కంటే ఇవి చాలా పెద్దవి. గైడుతో రాత్రిపూట, లేదా తెల్లవారుజామున మాత్రమే పంపిస్తారు. టార్చి, ఫ్లాష్ అస్సలు వద్దు. వెలుగుకు తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది, పిల్లలు సముద్రం దారి తప్పుతాయి. ముందుగా బుక్ చేసుకోవాలి. ఇసుకలో కొంత దూరం నడవాలి కాబట్టి అత్తయ్యగారు బసలోనే ఉంటే మేలు.

మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదుకు ఉదయం వెళ్లండి. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో 8 నుంచి 11 వరకు అన్ని మతాలవారినీ రానిస్తారు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి. గోడలకు వాడిన ఇసుకరాయి మన దేశం నుంచి వెళ్లిందే.

ఉప్పాడ అల
అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో అందరం కూర్చుని చదివాం. మత్రా, సూర్, రస్ అల్ జింజ్, చివర ఒక రోజు దుబాయ్ క్రీక్. బహ్రెయిన్, జెద్దా ఈసారికి కుదరవు. కువైట్ స్టీరింగ్ తమ్ముడూ, మీ మాట చదివి మావారు చాలాసేపు మాట్లాడలేదు. మస్కట్‌లో తమ్ముడి పక్కింట్లో రాజోలు నుంచి వచ్చిన ఒకామె పనిచేస్తోంది. ఆ ఇంటివాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఆమెను మాతోపాటు మత్రా తీసుకెళతాం.

ఒక ప్రశ్న మిగిలింది. ఒమాన్ ఉత్తర కొసన ఉన్న ముసందం గురించి ఎవరూ రాయలేదు. అక్కడ కొండల మధ్య సముద్రపు పాయల్లో పడవ మీద తిప్పుతారని తమ్ముడు అంటున్నాడు. అత్తయ్యగారికి కుదురుతుందా?

ఇంజను గది
కుదురుతుంది, చూడదగ్గదే. హోర్ముజ్ జలసంధి పక్కనే నిట్టనిలువు కొండలు నీటిలోకి దిగి ఉంటాయి. ఖసబ్ ఊళ్లో పడవ ఎక్కితే ఖోర్ అష్ షమ్ పాయలోకి తీసుకెళతారు, డాల్ఫిన్లు దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. లోపల టెలిగ్రాఫ్ ద్వీపం ఉంది. బ్రిటిష్‌వాళ్లు కరాచీ నుంచి సముద్రం అడుగున వేసిన తీగ కోసం 1860లలో అక్కడ స్టేషను పెట్టి, కొన్నేళ్లకే వదిలేశారు. చుట్టూ కొండలు, గాలి రాదు, ఆ వేసవిలో అక్కడ ఉద్యోగం చేసినవాళ్లను తలచుకుంటే జాలి వేస్తుంది.

మస్కట్ నుంచి రోడ్డు మీద వెళితే ఎమిరేట్స్ సరిహద్దు దాటి మళ్లీ ఒమాన్‌లోకి రావాలి. వీసా చిక్కులు వద్దనుకుంటే విమానంలో ఖసబ్ చేరండి. పడవలో నేల మీద తివాచీ, దిండ్లు పరుస్తారు. కింద కూర్చుని లేవడం అత్తయ్యగారికి కష్టం కాబట్టి ముందే ఫోను చేసి కుర్చీ వేయమని చెప్పండి, వేస్తారు. సగం రోజు పడవలు ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా ఉంటాయి. ఉదయంది తీసుకోండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది.